కామెర్లు కాదన్న మనిషి

ఇప్పుడు నా మూత్రం మామూలు రంగులోనే వస్తోంది. ఇలా మొదలుపెడితే చదివేవాళ్ళు మొహం చిట్లిస్తారని తెలుసు. చిట్లించుకోనీ. ఈ ఏడాది ఏప్రిల్ నుంచి జూలై దాకా పొద్దున లేవగానే దేవుడి పటం కంటే ముందు నేను చూసుకున్నది అదే. నాలాగా ఇంకొకరు మోసపోకూడదని కొంత, నా మనసు కుదుటపడాలని కొంత, ఇది రాస్తున్నాను.

నా పేరు స్వరూప. ముప్పై ఎనిమిదేళ్ళు. పుట్టింది ఆసిఫాబాద్ దగ్గర, పదో తరగతి దాకా తెలుగు మీడియం. పెళ్ళయ్యాక సరిహద్దు దాటి, చంద్రాపూర్ జిల్లాలోని మాజ్రి బొగ్గు గనుల కాలనీకి వచ్చాను. ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు, చదవగలిగేవాళ్ళు తక్కువ. నా కూతురు నవ్యకే రాదు, మరాఠీ బడిలో చదివింది. ఇప్పుడు నాగ్‌పూర్‌లో హాస్టల్లో ఉండి డిప్లొమా చేస్తోంది. క్వార్టర్లో నేనొక్కదాన్నే ఉంటాను.

మా ఆయన మల్లేశ్ గనిలో పనిచేసేవాడు. ఐదేళ్ళ కింద ఒక పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ గుండె ఆగి పోయాడు. గనిలో పనిచేసే మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. లక్కడ్‌కోట్‌లో ఉండే మా అత్తమ్మ, ఆ ఉద్యోగం తన చిన్నకొడుకు శంకర్‌కి ఇప్పిద్దామంది. "ఆడిదానివి, గనిలకు పొయ్యి ఏం జేస్తవు? శంకర్ నిన్నూ పిల్లనూ జూసుకుంటడు" అంది. నేను ఒప్పుకోలేదు. కాగితాల మీద నా పేరే రాయించుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. నవ్య సెలవుల్లో వెళ్ళి వచ్చేది. నేను వెళ్ళలేదు, వాళ్ళు పిలవలేదు.

ఇది తెలిస్తే గాని మిగతాది అర్థం కాదు.

ఏప్రిల్, శుక్రవారం

నా ఉద్యోగం మేనేజరు ఆఫీసులో. ఊడవడం, నీళ్ళు నింపడం, ఫైళ్ళు ఈ గదిలోంచి ఆ గదికి మోయడం. ఫిబ్రవరిలో నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. సెక్యూరిటీ గార్డు పోస్టులకు లోపల పనిచేసేవాళ్ళే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆడవాళ్ళు కూడా. పరుగు పరీక్ష ఉంటుంది. నేను ఆ కాగితాన్ని రోజూ ఊడుస్తూ చదివాను. గేటు దగ్గర ఖాకీ బట్టలు, టోపీ. చెయ్యి అడ్డం పెడితే ఎంత పెద్ద లారీ అయినా ఆగాల్సిందే. నా మాటకి ఎవరైనా ఆగి ఎన్నేళ్ళయిందో!

కాలనీ గ్రౌండులో తెల్లవారుజామున పోలీసు భర్తీకి తయారయ్యే అమ్మాయిలు పరిగెత్తుతుంటారు. వాళ్ళకి నేర్పేది ఒకప్పటి పహిల్వాన్, అందరూ సర్ అంటారు. నేనూ చేరాను. వాళ్ళందరికీ పంతొమ్మిది, ఇరవై ఏళ్ళు. నన్ను "కాకూ" అనేవాళ్ళు, అంటే పిన్ని అన్నమాట. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, నవ్యకి కూడా చెప్పలేదు. ఓడిపోతే నవ్వుతారని భయం. అసలు పరీక్షకి వెళ్ళిందన్నా నవ్వుతారని ఇంకా భయం.

నడుమ పదిరోజులు డ్యూటీ ఎక్కువై మానేశాను. మళ్ళీ వెళ్ళింది ఆ శుక్రవారం. ఆ రోజు సర్ కప్పగంతులు పెట్టించాడు. గొంతుక్కూర్చుని గెంతుతూ గ్రౌండు చుట్టూ తిరగాలి, ఆ తర్వాత బైఠక్‌లు, గుంజీళ్ళలాంటివి. "కాకూ, నువ్వు సగం చెయ్యి చాలు" అన్నాడు. మంచికే అన్నాడు పాపం. వెనక నుంచి ఒక అమ్మాయి కిసుక్కుమంది. అంతే, నాకు పంతం వచ్చింది. ఆ పంతమే నా కొంప ముంచింది.

మొత్తం చేశాను. మా చంద్రాపూర్ జిల్లా ఏప్రిల్ ఎండ సంగతి చెప్పక్కర్లేదు, ఏడింటికే నెత్తి మాడుతుంది. నీళ్ళ సీసా కూడా తీసుకెళ్ళలేదు. చివర్లో తొడలు వణికిపోతున్నాయి, కూర్చుంటే లేవలేకపోతున్నాను, అయినా లెక్క పూర్తి చేశాను. అమ్మాయిలందరూ చప్పట్లు కొట్టారు. నవ్విన అమ్మాయి కూడా కొట్టింది. నా జన్మలో నా కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని నాలో నేనే నవ్వుకున్నాను. అబద్ధమెందుకు, చాలా సంతోషంగా ఉండింది.

శని, ఆదివారాలు

శనివారం తొడలు పట్టేశాయి. ఆదివారానికి వాచి, చర్మం నిగనిగలాడుతూ, గట్టిపడిపోయాయి. బాత్‌రూంలో తలుపు గడియ పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది, దాన్నే పట్టుకుని లేవాల్సి వచ్చింది. ఒకసారి లేవలేక అక్కడే పావుగంట ఏడ్చాను. పిలిస్తే పలికేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు? సర్‌కి ఫోన్ చేస్తే "కొత్తలో అంతే కాకూ, కండ పడుతోంది" అన్నాడు. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని, ఒకటి చాలకపోతే రెండు, రెండు చాలకపోతే ఇంకొకటి మింగాను. ఆ మాత్రలు అప్పుడు కిడ్నీలకి ఎంత చేటో తర్వాత తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం మూత్రం పాలు పొయ్యని చాయ్ రంగులో వచ్చింది. సాయంత్రానికి ఇంకా నల్లబడింది. పక్క క్వార్టర్ వైశాలి మంచిది. మరాఠీ ఆవిడ, ఇద్దరు చిన్నపిల్లలతో సతమతమవుతూ కూడా నన్ను చూడ్డానికి వచ్చింది. సిగ్గు విడిచి రంగు సంగతి ఆమెకి చెప్పాను. కప్పగంతుల సంగతి మాత్రం చెప్పలేదు.

"కావీళ్ తాయీ! కావీళే ఇది!" అంది.

కావీళ్ అంటే కామెర్లు. ఆ మాట వినగానే నాకు భయం వెయ్యాలి కదా! భయం బదులు ఊరట లాంటిది కలిగింది. ఎందుకంటే కామెర్లకి ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలుసు. లక్కడ్‌కోట్ వెళ్ళాలి. మా అత్తమ్మ దగ్గరికి.

మా అత్తగారింట్లో మూడు తరాలుగా కామెర్లకి పసరు ఇస్తారు. అత్తమ్మకి ఆ విద్య వాళ్ళ అత్త నుంచి వచ్చింది. ఇచ్చేటప్పుడు ఆమె చేతిలో ఆకు పెట్టి మూడు మాటలు తీసుకుందట. పైస ముట్టొద్దు. ఆకు పేరు బయట చెప్పొద్దు. పసరు కోసం గడపలోకి వచ్చినవాళ్ళని, పగవాళ్ళైనా సరే, వట్టి చేతులతో పంపొద్దు. రాజురా నుంచి, జివతి గుట్టల మీది నుంచి, అటు తెలంగాణ ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. ఊళ్ళో ఆమెకున్న గౌరవమంతా దాంతోనే.

అంటే నేను వెళ్తే కాదనడానికి లేదు. కోడలిగా పనికిరాకపోయినా రోగిగా గడపలోకి రానివ్వాల్సిందే. నిజం చెప్పాలంటే, ఆదివారం సాయంత్రం మంచం మీద పడుకుని నేను ఆలోచించింది రోగం గురించి కాదు, ఐదేళ్ళ తర్వాత ఆ ఇంట్లోకి వెళ్ళడానికి ఒక సాకు దొరికిందని.

సోమవారం

బస్సు మెట్లు ఎక్కడానికి కండక్టరు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. చంద్రాపూర్‌లో దిగి ఇంకో బస్సు, రాజురాలో దిగి ఆటో. ఎలా వెళ్ళానో నాకే తెలియదు.

అత్తమ్మ పందిరి కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి ఆమె చెయ్యి ఆగింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"పసరు కోసమొచ్చిన," అన్నాను. "కామెర్లయినయి."

ఆమె లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "కాళ్ళు కడుక్కో."

వెలుతురు పడే చోట నన్ను కూర్చోబెట్టి, బొటనవేలితో కంటి కింది రెప్ప లాగి చూసింది. గరుకు వేలు. మల్లేశ్ పోయాక నా మొహాన్ని ఇంకో మనిషి చెయ్యి తాకడం అదే మొదటిసారి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెప్ప లాగినందుకు అనుకుని ఉంటుంది.

"నాలుక జూపెట్టు. అరచేతులు." చూసింది. "కండ్లు తెల్లగనే ఉన్నయి."

తర్వాత చిన్న గిన్నెలో నాలుగు బియ్యపు గింజలు వేసి ఇచ్చింది. వాళ్ళింట్లో అదొక పరీక్ష. మూత్రంలో కాసేపు నానాక గింజ పసుపు పడితే కామెర్లు. నేను దొడ్లోకి వెళ్ళి వచ్చి గిన్నె అక్కడ పెట్టాను. ఎంత ముక్కినా చుక్కలే వచ్చాయి. కాసేపటికి ఆమె గింజలు తీసి గుడ్డ మీద వేసింది. పసుపు లేదు, తుప్పు రంగు.

"ఇది పచ్చది గాదు, ఎర్రది," అంది తనలో తాను. నా తొడ మీద చెయ్యి వేసి నొక్కింది. నేను కెవ్వుమన్నాను. "రాయి లెక్కున్నది గదనే. ఏం పని జేసినవ్?"

"ఏం జెయ్యలే. డ్యూటీకే పోయిన."

ఈ వయసులో కప్పగంతులు వేశానని ఆమెకి ఎలా చెప్పను? ఏ గనిలో నువ్వు పని చెయ్యలేవన్నదో, ఆ గనిలో గార్డు పోస్టు కోసమే ఒళ్ళు హూనం చేసుకున్నానని ఏ నోటితో చెప్పను?

ఆమె చాలాసేపు గుడ్డ మీది గింజల్నే చూస్తూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది. "ఇవి కామెర్లు గావు. నేను పసరు ఇయ్య. లే, సీదా పెద్ద దవాఖానకు పో."

నా చెవుల్ని నేను నమ్మలేదు. "ఇయ్యవా?"

"ఇయ్య."

"ముక్కు మొగం తెల్వనోళ్ళకు ఇస్తవ్, నాకియ్యవా? నౌకరి మీది కోపం గిట్ల తీర్చుకుంటవా అత్తమ్మా?"

ఆమె మొహం ఎలా అయిందో నేను చూడలేదు, అప్పటికే గోడ పట్టుకుని లేస్తున్నాను. "చంద్రాపూర్ బస్సు మూడింటికున్నది. శంకర్‌ను తోలియ్యమంటనా?" అని మాత్రం వినిపించింది.

"ఎవ్వలొద్దు" అన్నాను. ఆటో దాకా గోడలు పట్టుకుంటూ నడిచాను. దారి పొడుగునా ఏడ్చాను. పక్క సీటు ముసలాయన, ఎవరో చచ్చిపోయారనుకుని, తన కండువా కొసతో సీటు తుడిచి నన్ను కిటికీ పక్కకి జరగమన్నాడు. బస్సు చంద్రాపూర్‌లో పెద్దాసుపత్రి ముందు నుంచే పోయింది. దిగలేదు. ఆమె పొమ్మన్న చోటికి నేను పోతానా?

మంగళ, బుధవారాలు

మర్నాడు వైశాలి తమ్ముడు మోటారు సైకిల్ మీద నన్ను దగ్గర్లోని భద్రావతి తీసుకెళ్ళాడు. అక్కడొక పెద్దమనిషి కామెర్లకి మెడలో మాల వేస్తాడు. చిన్న చిన్న పుల్లలు దారంతో కట్టిన మాల. అది రోజురోజుకీ పొడుగవుతుంది, పొడుగయ్యే కొద్దీ కామెర్లు దిగుతాయని చెప్తారు. ఆయన నా కళ్ళు చూడలేదు, ఏమీ అడగలేదు. ఉప్పు లేదు, నూనె లేదు, చప్పిడి అన్నం, మజ్జిగ అన్నాడు. రెండు రోజులు ఆ మాల వేసుకుని పత్యం చేశాను. మాల పొడుగవలేదు. మూత్రం మాత్రం చుక్కలు చుక్కలై, బుధవారం పొద్దుటికి అదీ ఆగిపోయింది. మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి, తాగిన మజ్జిగంతా కక్కేశాను.

ఇక్కడ ఆగి ఒక మాట. మీలో ఎవరైనా మానేసిన వ్యాయామం మళ్ళీ మొదలుపెట్టి, ఒక్కరోజే ఒళ్ళు విరుచుకుని ఉంటే, ఆ తర్వాత తొడలో భుజాలో రాయిలా గట్టిపడి మూత్రం నల్లగా వస్తే, ఎవరి మీది కోపమైనా పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. నొప్పి మాత్రలు మింగుతూ కూర్చోవద్దు. నేను మూడు రోజులు పోగొట్టుకున్నాను.

ఆసుపత్రి, ఏప్రిల్ చివర

బుధవారం సాయంత్రం కాలనీ డిస్పెన్సరీ వాళ్ళు చూసీ చూడగానే అంబులెన్సులో చంద్రాపూర్ పంపారు. వైశాలి పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి నాతో వచ్చింది. అక్కడ ఎవరిని కలిసినా ఒకటే ప్రశ్న. చీటీ రాసేవాడు, నర్సు, రక్తం తీసేవాడు, అందరూ అడిగారు. "నాతేవాయిక్ కోణ్?" మీవాళ్ళెవరు? వైశాలి ఒకసారి "నేనే" అంది. ఏమవుతారంటే ఏం చెప్పాలో తెలియక నా వైపు చూసింది. "పొరుగు" అన్నాను. కాగితం మీద బంధుత్వం అన్న చోట అదే రాశారు.

డాక్టరు కుర్రాడే, మరాఠీలో నెమ్మదిగా మాట్లాడేవాడు. కామెర్లు లేవు, వాటి ఛాయే లేదు అన్నాడు. మెడలో మాల పక్కకి జరిపి గుండె చప్పుడు విన్నాడు. నా తొడలు చూసి, వైశాలిని బయటికి పంపి, కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు.

"భయపడకుండా చెప్పండి. ఇంట్లో ఎవరైనా కొట్టారా?"

నాకు నవ్వొచ్చింది. "కొట్టడానికైనా ఇంట్లో ఎవరూ లేరు డాక్టర్" అన్నాను. అనేసి ఏడ్చాను. అప్పుడు చెప్పాను, గ్రౌండు సంగతి, పంతం సంగతి, మాత్రల సంగతి. లక్కడ్‌కోట్ సంగతి ఒక్కటే మింగాను.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. అలవాటు లేని ఒంటితో ఒక్కసారే అంత చేస్తే కండ నలిగి చితికిపోతుంది. ఆ చితికినదంతా రక్తంలో కలిసి కిడ్నీల్లో ఇరుక్కుంటుంది. నీళ్ళు తాగకపోవడం, ఎండ, మాత్రలు దాన్ని ఇంకా పెంచాయి. "వెంటనే వచ్చి ఉంటే సెలైన్‌తో సరిపోయేదేమో. ఇప్పుడు డయాలసిస్ చెయ్యాలి. కిడ్నీలు మళ్ళీ పనిచేస్తాయనే అనుకుంటున్నా, కానీ మాట ఇవ్వలేను."

మాట ఇవ్వలేనన్న ఆ మాటతో ఎన్ని రోజులు గడిపానో! కిడ్నీలు తేరుకోకపోతే వారానికి ఇన్నిసార్లు ఆ మిషన్, ఉద్యోగానికి అన్‌ఫిట్, క్వార్టర్ ఖాళీ చెయ్యడం, నవ్య చదువు ఆగిపోవడం. గోడవైపు తిరిగి పడుకుని అవే లెక్కలు. మెడ దగ్గర గొట్టం పెట్టారు. మిషన్ తిరుగుతున్నంతసేపూ ఒంట్లోంచి చలి పుట్టుకొచ్చేది. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల నేను దుప్పటి అడుగుతున్నాను.

వైశాలి రోజూ రాలేకపోయేది, రమ్మని నేనూ అనలేదు. విజిటింగ్ టైంలో మంచాల చుట్టూ జనం గుమిగూడేవాళ్ళు, టిఫిన్ డబ్బాలు తెరిచేవాళ్ళు. నేను నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునేదాన్ని. ఒకరోజు ఆఫీసు నుంచి నలుగురు వచ్చి కొబ్బరి బొండాలు పెట్టి వెళ్ళారు. అవి కిడ్నీ రోగికి విషమని నర్సు చటుక్కున తీసేసింది. నా మొహం చూసి జాలిపడిందేమో, తాగే నీళ్ళకి కూడా కొలత ఉన్న ఆ రోజుల్లో, చిన్న ఐసు ముక్క తెచ్చి నోట్లో పెట్టింది. "మెల్లగా చప్పరించు, చాలాసేపు వస్తుంది" అంది. ఆమెకి గుర్తుండకపోవచ్చు గాని, నాకు ఆ చల్లదనం ఇప్పటికీ నాలుక మీద ఉంది.

పక్క మంచం ఆవిడ గోండు రైతుల ఇంటి ఇల్లాలు. మాట్లాడే ఓపిక లేదు ఆమెకి. ఆమె మొగుడు మాత్రం రోజూ పొద్దున నా మంచం కింద కొలత డబ్బా వైపు చూసి "ఆజ్ కిత్‌నా?" అని అడిగేవాడు. ఇవాళ ఎంత? మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. రోజూ సున్నాయే. తొమ్మిదో రోజు డబ్బా అడుగున కాస్త కనిపించింది. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, వార్డంతా వినబడేలా "ఆగయా!" వచ్చేసిందని అరిచాడు. ఇద్దరు ముగ్గురు లేచి కూర్చున్నారు. నేను సిగ్గు మరిచి నవ్వాను.

నవ్యకి పరీక్షలున్నాయని ఆమెకి ఏమీ చెప్పలేదు. వైశాలి ఉండబట్టలేక ఫోన్ చేసేసింది. పిల్ల సంచీ భుజాన వేసుకుని సరాసరి వార్డులోకి వచ్చింది, గొట్టం చూసింది, ఏడుస్తుందనుకుంటే మండిపడింది.

"నేను నీకు ఎవర్ని మమ్మీ? పక్కింటోళ్ళకు తెలుసు, నాకు తెల్వదు? చచ్చిపోతే కూడా పరీక్షలైనంక చెప్తుంటివా?"

"నువ్వు చదువుకోవాలె గద బిడ్డా."

"గిట్లనే జేస్తవ్ నువ్వు. ఎవ్వర్నీ దగ్గరికి రానియ్యవ్. మళ్ళ ఎవ్వరూ లేరని ఏడుస్తవ్."

అంత మాట ఎవరూ నన్ను అనలేదు అంతకు ముందు. ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడకుండానే నా జడ విప్పి, చిక్కు తీసి, మళ్ళీ అల్లింది.

లక్కడ్‌కోట్‌కి కబురు పంపింది కూడా నవ్యే. శంకర్ ఒక్కసారి వచ్చాడు. వార్డు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు. "అవ్వ వస్తనన్నది వదినె. ఎండల వద్దని నేనే ఆపిన" అన్నాడు, అత్తమ్మ గురించి. నేను నమ్మలేదు. రావాలనుకుంటే ఎండ ఆపుతుందా అనుకున్నాను. ఆమె చెప్పింది నిజమేనని, నా రోగం కామెర్లు కాదని మొట్టమొదట కనిపెట్టింది ఆమేనని నాకు అప్పటికే తెలుసు. తెలిసినా, ఆ "ఇయ్య" అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకునే ఉంది. పసరు పనిచెయ్యదని తెలిసే ఇవ్వలేదో, నేనని ఇవ్వలేదో! మంచం మీద పడుకుని అటు ఒకరోజు, ఇటు ఒకరోజు అనుకునేదాన్ని.

మే, జూన్, జూలై

మే మధ్యలో ఇంటికి పంపారు. అప్పటికి డయాలసిస్ ఆపేశారు. వారానికోసారి రక్తపరీక్ష. తొడలు సగమై, చీర కుచ్చిళ్ళు జారిపోయేవి. గది నుంచి వంటింటికి నడవడానికి నడుమ ఒకచోట ఆగేదాన్ని. నవ్య సెలవుల్లో నెల రోజులు ఉండి వెళ్ళింది. ఆమె వెళ్ళిన రోజు కుక్కర్ కూత కూడా వినపడకూడదని అన్నం గిన్నెలో వండుకున్నాను. ఎందుకో నాకూ తెలియదు. ఇద్దరికి సరిపడా వండే గిన్నె కడుగుతూ చాలాసేపు పంపు దగ్గరే నిలబడ్డాను.

గార్డు పోస్టుల పరీక్ష నేను ఆసుపత్రిలో ఉండగానే అయిపోయింది. మా గేటు దగ్గర ఇప్పుడు వేరే సెక్షను ఆవిడ కూర్చుంటుంది. ఖాకీ ఆమెకి బాగా నప్పింది. మొదటి రోజు నాకు కడుపు మండింది, అబద్ధం చెప్పను. సర్ ఒకసారి ఇంటికొచ్చి చేతులు జోడించాడు. ఆయన తప్పేముంది, సగం చాలన్నాడు కదా!

జూలై చివర్లో డాక్టరు రిపోర్టు చూసి మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వాడు. కిడ్నీలు మామూలుకి వచ్చాయి. నడవొచ్చు, మెల్లగా పెంచుకోవచ్చు, నీళ్ళు తాగాలి, అడక్కుండా ఏ నొప్పి మాత్రా మింగకూడదు. "అదృష్టవంతులు" అన్నాడు. ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. నవ్యకి ఫోన్‌లో చెప్పాను. వైశాలికి చెప్పాను. ఇంకా ఎవరికో చెప్పాల్సింది మిగిలిపోయినట్టే ఉంది.

ఆగస్టు

ఒక ఆదివారం లక్కడ్‌కోట్ వెళ్ళాను. ఈసారి బస్సు మెట్లు నా అంతట నేనే ఎక్కాను.

అత్తమ్మ పందిరి కిందే ఉంది. "మంచిగున్నవా? పోతున్నయా నీళ్ళు మంచిగ?" అని అడిగింది. రిపోర్టు తీసి చూపించాను. తలకిందులుగా పట్టుకుని, చదివినంత శ్రద్ధగా చూసి, మడిచి ఇచ్చింది. తప్పు నాదేనని చెప్పాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. కప్పగంతుల సంగతి చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ముసలిదానివి కాబోతున్నవు, సిగ్గు లేదా అని తిట్టింది. తిట్టు విని ప్రాణం లేచి వచ్చింది.

అంతలో మోటారు సైకిల్ మీద ముగ్గురు వచ్చారు. జివతి వైపు వాళ్ళు. మధ్యలో కూర్చున్న మనిషి కళ్ళు పచ్చగా ఉన్నాయి. పసరు అన్నారు.

"ఇప్పుడు ఇస్తలేను నాయినా. రాజురా సర్కారు దవాఖానకు తీస్కపోండ్రి."

వాళ్ళు బతిమిలాడారు. ఒకాయన వంగి కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగి, "లేదు బిడ్డా, నా చేతిల లేదు" అని లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళు కాసేపు నిలబడి, బండి తిప్పుకుని వెళ్ళారు.

శంకర్ నాకు చాయ్ తెచ్చి ఇచ్చాడు. "ఏప్రిల్ నుంచి ఎవ్వరికిస్తలేదు వదినె. ఊళ్ళె అందరు అడిగిండ్రు. చెప్పదు."

నేను లోపలికి వెళ్ళాను. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "ఎందుకిస్తలేవు అత్తమ్మా?"

"నిన్ను వట్టి చేతులతోటి తోలిన నాడే అయిపాయె. మాట తప్పినంక చేతిల మందు ఉండది. మా అత్త జెప్పింది."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆ మూడు మాటల్లో మూడోది. ఆమె ఊళ్ళో తలెత్తుకు తిరిగింది ఆ చేతి వల్లే. నేను నౌకరి మీది కోపం అనుకున్నాను. "ఏదో ఒక ఆకు నూరి ఇస్తే నీ మాట నిలుస్తుండె గదా," అన్నాను. "నాకు ఇచ్చినా పనిజెయ్యకపోతుండె, గంతే గదా."

"ఇస్తే నువ్వు దవాఖానకు పోతవా? పసరు తాగిన గదా అని ఇంటికి పొయ్యి, పత్యం జేసుకుంట పండుకుందువు. నీ సంగతి నాకెర్కలేదా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "మల్లేశ్ పోయిండు. నువ్వు గిట్ల పోతే పిల్లకెవరున్నరు? పోతే పోనీ మందు అనుకున్న."

బయట శంకర్ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నాకు భద్రావతి మాల గుర్తొచ్చింది. రెండు రోజుల చప్పిడి అన్నం, ఆసుపత్రి ముందు నుంచి పోయిన బస్సు.

ఆమె నా మొహంలోకి చూసింది. "సీదా దవాఖానకే పోయినవు గదా బిడ్డా, ఆ దినం?"

"సీదా దవాఖానకే పోయిన అత్తమ్మా," అన్నాను.